వీపులు తెలిసిన మనిషి

ముఖం చూడననే కదా అక్క అంది, మాట విననని అనలేదు కదా అనుకుంటూ అతను జపాను చంద్రదేవుడు త్సుకుయోమి విగ్రహం వెనక చేరి, పటకారుతో మొదటి కొక్కెం వదులు చేశాడు. ఈ తర్కం కొత్తది కాదు. ఏళ్ళ తరబడి రోజూ పనిలో పడగానే మొదలవుతుంది, మధ్యాహ్నానికి దానంతటదే అరిగిపోతుంది.

మ్యూజియంలో అతన్ని తీగలాయన అంటారు. అద్దాల పెట్టెల్లో విగ్రహాలు పడిపోకుండా వెనకనుంచి ఇత్తడి తీగ వంచి నిలబెట్టడం అతని పని. తీగ నడుముని, మెడని తాకేచోట మెత్తటి గుడ్డ అంటిస్తాడు. పైన విగ్రహం రంగే పూస్తాడు. చూసేవాళ్ళకి తీగ కనిపించిందంటే పని చెడినట్టే. దేశదేశాల చంద్రుల ఈ ప్రదర్శనకి వచ్చిన దేవుళ్ళందరూ అతనికి వెనకనుంచే పరిచయం. ఈజిప్టు ఖోన్సు తల పక్కనుంచి వేలాడే పసివాడి జడ, నిద్ర లేవని ప్రియుడి మీదికి వంగిన గ్రీకు సెలీనీ వెన్నుపూస, దక్షుడి శాపానికి తరిగిపోయే చంద్రుడి రథం వెనక చెక్క. ముఖాలెలా ఉంటాయని అడిగితే తడుముకుంటాడు.

"ఏంటన్నా, దేవుడికి వీపు గోకుతున్నావా?" అంది ప్యాకింగ్ ఆవిడ, పెట్టెలో దూది పరుస్తూ. ఇవాళ్టితో ప్రదర్శన అయిపోయింది.

"నవ్వించకమ్మా. నడుం దగ్గర పగులుంది, గట్టిగా పట్టుకో."

ఆవిడ పట్టుకుంది. ఊరుకోలేక పక్కనున్న బోర్డు చదివింది. "ఇదేంటన్నా! పిలిచి భోజనం పెట్టినామెని చంపేశాడంట ఈయన. నోట్లోంచి తీసి వడ్డించిందని రోత పుట్టిందంట. తినకుండా లేచి పోవచ్చుగా! అప్పట్నుంచి వాళ్ళక్క సూర్యదేవత ఈయన ముఖం చూళ్ళేదంట. అందుకే ఆవిడ పగలు, ఈయన రాత్రీనట."

అతని చేతిలో పటకారు ఆగింది. "తర్వాత?"

"తర్వాతేముంది? అంతే."

"వెళ్ళి క్షమించమని అడగలేదా అక్కని?"

"అది రాయలేదు మరి. మగాళ్ళు అడుగుతారేంటన్నా! ఆకాశమంతా తిరుగుతారు గానీ."

ఆసుపత్రిలో అమ్మ ఊపిరి యంత్రం మీద ఉన్న రోజుల్లో, అక్క బట్టలు తేవడానికి ఇంటికి వెళ్ళినప్పుడు, ఇక ఆపేయమంటారా అని డాక్టరు అడిగితే అతను తల ఊపాడు. అక్క తిరిగొచ్చేసరికి యంత్రం ఆగిపోయి ఉంది. "ఇక నీ ముఖం చూడను" అంది, గోడ వైపు తిరిగి. జాలితో చేశానని అతను చుట్టాలకి చెప్పాడు. నమ్మారు. ఆ గొట్టాలు, తనకి ముద్దలు కలిపి పెట్టిన అమ్మ చేతి నుంచి వచ్చే వాసన భరించలేకపోయానని మాత్రం తనకి తానైనా చెప్పుకోలేదు. ఇప్పుడు ఒక బోర్డు చెప్పేసింది. రోత.

అక్కకీ అతనికీ తోడు ఇంకెవరూ లేరు. ఒకే ఇంట్లో ఉంటున్నారు. తాళం తిరిగిన చప్పుడు వినగానే ఆమె వంటగదిలోంచి లేచి వెళ్ళిపోతుంది. బల్ల మీద గాజుమూత కింద అతని అన్నం పళ్ళెం ఉంటుంది. మూసుకునే తలుపు సందులో అక్క వీపు, ఏటేటా కాస్త వంగుతూ. అతను తిని, పళ్ళెం కడిగి బోర్లిస్తాడు.

త్సుకుయోమిని పెట్టెలో పడుకోబెట్టారు. అద్దాల వెనక తీగ ఒక్కటే మిగిలింది, లేని వీపుని పట్టుకుని.

"ఇవాళ తొందరగా వెళ్తానమ్మా. అక్కతో పనుంది."

"నీకో అక్కుందా! ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా చెప్పావా అన్నా?"

దారంతా అతను ఒక్క మాటే కూర్చుకున్నాడు. జాలి కాదక్కా, రోత. అంతే చెబుతాడు. ఆమె క్షమించనక్కర్లేదు. ఒక్కసారి ఇటు తిరిగి ఛీ అంటే చాలు.

ఇంకా ఎండ ఉండగానే తాళం తిప్పాడు. కుర్చీ జరిగిన చప్పుడు రాలేదు. చెప్పులు ఈడ్చిన చప్పుడూ లేదు. ఆగి, దగ్గాడు.

"అక్కా, నేనే."

ఆమె వంటగదిలో కుర్చీలోనే ఉంది. తల ఒక పక్కకి ఒరిగిపోయింది. కిటికీ ఎండ పడుతున్న ముఖం గుమ్మం వైపే తిరిగి ఉంది. అది ఎప్పుడో అమ్మ ముఖం అయిపోయిందని ఇన్నేళ్ళూ అతనికి తెలియనే లేదు. ఊపిరి లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. అవి అతన్ని చూడలేదు. తనన్న మాట అక్క నిలబెట్టుకుంది.

తన కోసం కూర్చుందో, లేవలేక కూర్చుందో. అడగడానికి ఎవరూ లేరు. దారంతా కూర్చుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది, మింగలేడు, ఉమ్మలేడు. ఆ ముఖం ఎదుట ఎక్కడ నిలబడాలో అతనికి తోచలేదు. చివరికి తెలిసిన చోటికే, కుర్చీ వెనక్కి వెళ్ళాడు. మెడ కింద అరచెయ్యి ఆనించి, ఒరిగిన తలని మెల్లగా నిలబెట్టి, అలాగే పట్టుకున్నాడు.

బల్ల మీద పళ్ళెం ఉంది. గాజుమూత లోపల పట్టిన ఆవిరి ఒక్కొక్క చుక్కగా అంచుకి జారుతోంది.