మొదటి ముద్దాయి పరువు

మా పల్నాటిలో మనిషిని చంపితే ముందు శవాన్ని లేపరు, పేర్లు రాస్తారు. చంపిందెవరో తెలిసినా తెలియకపోయినా అవతలి పార్టీలో పెద్ద తలకాయలన్నీ వరసగా ఆ కాగితంలో పడతాయి. దాచేపల్లి రోడ్డు మీద కోటేశ్వర్‌ను నరికినప్పుడు పన్నెండు పేర్లు రాసిచ్చారు. పోలీసులు ఏరగా ఏరగా ఇద్దరు మిగిలారు. మొదటి ముద్దాయి మా ఊరి మస్తాన్‌రావు. రెండో ముద్దాయి ఆయన కారు నడిపే మా అబ్బాయి పిచ్చియ్య.

మొదటి పేరు తనదని తెలిశాక మస్తాన్‌రావు నడకే మారింది. అంతకుముందు టీ కొట్టు బెంచీ మీద ఆయనకు ఎవరూ జరిగి చోటిచ్చేవాళ్లు కాదు. బెయిలు మీద వచ్చిన రోజు ట్రాక్టర్లు కట్టి ఊరేగించారు. ఈసారి మండలం సీటు ఆయనకే అన్నారు. నువ్వే చంపావా అని అడిగితే అవుననడు, కాదనడు. మీసం దువ్వుకుంటాడు. ఆయన దువ్వుకున్నప్పుడల్లా నా కొడుక్కి జైలు ఒక అడుగు దగ్గరయ్యేది.

ఇద్దరికీ వకీలు నరసరావుపేట అబిదా. కేసు ఒప్పుకున్న వారానికే అవతలి పార్టీవాళ్లు ఆమె స్కూటర్ టైర్లు కోశారు. ఆమె ఆటోలో కోర్టుకు రావడం మొదలుపెట్టింది.

ఒకరోజు నరసరావుపేటలో తన ఆఫీసులో నన్ను కూర్చోబెట్టి అడిగింది.

“తాతా, ఆ రోజు మీవాడు ఎక్కడున్నాడు? నిజం చెప్పు.”

“ఈ ఊళ్లోనే ఉన్నాడు వకీలమ్మా, ఆస్పత్రిలో. మస్తాన్‌రావుకి మొలల ఆపరేషన్ అయితే తోడొచ్చాడు. ఎవురికీ చెప్పొద్దని మావాడి చేత ఒట్టేయించుకున్నాడు ఆయన.”

ఆమె పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. నవ్వు ఆపుకుంటోందని అర్థమైంది.

మర్నాడు మస్తాన్‌రావును పిలిపించి, ఆస్పత్రి రిజిస్టరు కోర్టుకు తెప్పిస్తానంది. ఆయన మొహం పాలిపోయింది.

“ఇంకేదన్నా చెయ్యమ్మా. అది మాత్రం బయటికి రాకూడదు.”

“ఇది లేకపోతే యావజ్జీవం పడుద్ది.”

“పడనీ. జైలుకి పోయొచ్చినోడికి సీటిస్తారు. మొలలోడికి ఎవుడిస్తాడు?”

“మరి పిచ్చియ్య?”

“వాడి పెళ్లాంబిడ్డల్ని నేను చూసుకుంటాలే.”

“వకాలతు మీద అతని సంతకం కూడా ఉంది. నేను అతనికీ వకీలునే,” అందామె.

ఆ వారంలోనే ఆమె ఇంటి గేటుకు కోసిన కోడి తల వేలాడింది. ఈసారి కట్టింది మావాళ్లే. ఏ పార్టీవాళ్లు చంపుతారో తెలియని వకీలును చూడటం నాకు అదే మొదలు. భయమేసి వెళ్లాను.

“మానుకో తల్లీ. మావాడి ఖర్మ మావాడిది.”

“తలకాయ ఒక్కటే పంపారు తాతా. మిగతాది వాళ్లే తిన్నట్టున్నారు,” అంది. తలుపు గడియ రెండుసార్లు చూసుకుని, మళ్లీ ఫైలు కట్టడంలో పడింది.

వాయిదా నాడు నర్సు బోనెక్కింది. పేరు, వయసు, జబ్బు, గంట అన్నీ గట్టిగా చదివింది. హత్య జరిగిన వేళకు మస్తాన్‌రావు మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. తోడొచ్చిన పిచ్చియ్యను అప్పుడే మందులకు రెండుసార్లు కిందికి పంపానని కూడా చెప్పింది.

“మీరేమంటారు?” అని జడ్జి గారు అడిగారు.

“అబద్ధం సార్. నేను ఆస్పత్రికే పోలా,” అన్నాడు మస్తాన్‌రావు.

“అయితే హత్య దగ్గర ఉన్నారా?”

ఈసారి ఆయన చెయ్యి మీసం దాకా పోలేదు.

ఇద్దరినీ వదిలేస్తూ తీర్పొచ్చింది. బయటికొచ్చేసరికి అవతలి పార్టీవాళ్లు కొట్లాట మర్చిపోయి కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. మావాళ్లు అబిదా ఆటోను చుట్టుముట్టారు.

“ఇల్లెట్టా చేరతావో చూస్తా,” అన్నాడు మస్తాన్‌రావు.

“నా మీద చెయ్యేస్తే కేసయిద్ది మస్తాన్‌రావు గారూ. ఎందుకేశావని అడుగుతారు. ఆ రిజిస్టరు మళ్లీ మొదట్నించీ చదవాల. ఆ నర్సునే పిలిపిస్తా.”

ఆయన ఆలోచించాడు. మా ఊరి నాయకుడు ఆలోచించడం నేను చూసింది ఆ ఒక్కసారే. తర్వాత, తప్పుకోండిరా అని తనవాళ్లకు చెయ్యి ఊపాడు.

పిచ్చియ్య అలవాటు కొద్దీ ఆయన కారు తలుపు తీయబోయాడు. చొక్కా పట్టుకుని ఆటోలోకి లాగాను.