పద్దెనిమిదో గుంత

ధనకోటి మోకాళ్ళ మీద వంగి, పదిహేడో గుంత అంచును బొటనవేలితో సరిచేశాడు. మంచు ఇంకా ఆరలేదు. ఖాకీ నిక్కరు కింద మోకాళ్ళు తడిసి చల్లబడ్డాయి. ఇనప గొట్టాన్ని నేలలోకి దించి, పిడి పట్టుకుని మెలితిప్పి పైకి లాగితే మట్టితో సహా గడ్డి ముద్ద గుండ్రంగా బయటికొస్తుంది. దాన్ని తీసుకెళ్ళి నిన్నటి గుంతలో కూర్చి, అరచేత్తో అద్ది, నాలుగు చుక్కల నీళ్ళు చిలకరిస్తే అక్కడ ఒకప్పుడు గుంత ఉండేదని బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు. ఇరవై ఆరేళ్ళుగా అతను చేస్తున్న పని ఇదే. తెల్లారకముందే తిరువళ్ళూరులో కరెంటు రైలెక్కి మద్రాసు రావడం, గోల్ఫ్ ఆడే పెద్దవాళ్ళ కోసం కొత్త గుంతలు తవ్వి పాతవి పూడ్చడం. ఊళ్ళో ఎవరైనా ఏం ఉద్యోగమని అడిగితే "తోటపని" అనేవాడు. గుంతలు తవ్వుతానంటే శ్మశానంలో పని అనుకుంటారని భయం.

యాభై ఏడేళ్ళ మనిషి, పొట్టి. ఎండకి మెడ నల్లబడి ముడతలు తేలింది. గోళ్ళ కింది మట్టి ఏ సబ్బుకీ లొంగలేదు. చూసినవాళ్ళు మెచ్చుకోదగ్గది ఆ ఒంట్లో ఒక్కటే, జుట్టు. ఈ వయసులోనూ నల్లగా, ఒత్తుగా, కొబ్బరినూనె రాసి వెనక్కి దువ్వితే నిగనిగలాడేది. "ముఖం ఎట్లా ఉన్నా జుట్టును చూసి చేసుకున్నా" అని భార్య అలమేలు ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. ఆ జుట్టు ఇవాళ పందెంలో ఉంది.

పోటీ నాలుగు రోజులది, ఇవాళ ఆఖరి రోజు. దేశం నలుమూలల నుంచి ఆటే బతుకుతెరువైనవాళ్ళు వచ్చారు. ఇలాంటి పోటీ పెట్టినప్పుడల్లా ఆటగాళ్ళ కర్రల సంచులు మోసేవాళ్ళు పందేలు కాసేవారు. ధనకోటి ఎప్పుడూ వాటి జోలికి పోలేదు. ఈసారి ఆడేవాళ్ళలో నటరాజ్ ఉన్నాడు. కడంబత్తూరులో ఉన్న అక్క కొడుకు. ధనకోటే వాణ్ణి తీసుకొచ్చి సంచులు మోసే పనిలో పెట్టాడు. మోస్తూ మోస్తూ ఆట నేర్చుకున్నాడు, ఇరవై నాలుగో ఏట ఆటగాళ్ళ పట్టికలో పేరెక్కించుకున్నాడు. మొదటి ముగ్గురిలో ఒకడైతే బొంబాయి పోటీకి పంపిస్తారు. కాకపోతే మళ్ళీ సంచి భుజానికెత్తుకోవాల్సిందే.

సంచులు మోసేవాళ్ళకు మేస్త్రీ పళని. అతనిదీ తిరువళ్ళూరే. మూడు రోజుల కిందట రైల్లో అందరి ముందూ నవ్వాడు.

"మీవాడా? ఆ కలకత్తావాడి ముందర నిలస్తాడా, ధనకోటన్నా?"

ధనకోటికి రోషం పొడుచుకొచ్చింది. "మావాడే ఫస్టు వస్తాడు, చూస్కో."

"రాకపోతే?"

"తిరుత్తణి కొండెక్కి మొట్ట గుండు కొట్టించుకుంటా. వస్తే నువ్వు కొట్టించుకో."

పెట్టెలో ఉన్నవాళ్ళంతా ఈలలు వేశారు. అన్న మాట వెనక్కి తీసుకునే దారి లేకపోయింది. నిన్న సాయంత్రానికి నటరాజ్, కలకత్తా ఆటగాడు సరిసమానంగా ఉన్నారు.

పోటీ రోజుల్లో గుంత ఎక్కడ తవ్వాలో పోటీ నడిపే ఆఫీసరు చెబుతాడు. కర్రతో సున్నం చుక్క పెడతాడు, ధనకోటి అక్కడ తవ్వుతాడు. ఇవాళ ఆయనకు జలుబు. పదిహేడు చుక్కలు పెట్టి, పద్దెనిమిదో దగ్గరికి వచ్చేసరికి వరసగా తుమ్ములు.

"కుడిపక్కైనా సరే, ఎడమపక్కైనా సరే. నీకు తెలీనిదేముంది, నువ్వే చూసుకో" అని ముక్కు తుడుచుకుంటూ కాఫీకి వెళ్ళిపోయాడు.

ధనకోటి అక్కడే నిలబడిపోయాడు. నటరాజ్ కొట్టే బంతి ఆఖర్న కుడికి ఒరుగుతుంది. ఆ సంగతి వాడి కన్నతల్లికి తెలియదు గానీ ధనకోటికి తెలుసు. కుడిపక్క గుంత ఉంటే వాడి బంతి పిలిచినట్టు దాని దగ్గరికే వస్తుంది. ఎడమపక్కన ఉంటే ముందు ఇసుక పల్లం అడ్డం, దాన్ని దాటినా బంతి దూరంగా జారిపోతుంది. పందెం కట్టినవాడు గొట్టం ముట్టుకోకూడదు. ఆ మాట చెబుదామంటే ఆఫీసరు అప్పటికే మెట్లెక్కేశాడు.

చెప్పులు విడిచి కుడిపక్కకి నడిచాడు. మొన్నటి గుంత, నిన్నటి గుంత రెండూ ఆ పక్కే. రెండు రోజులు మనుషులు తొక్కిన చోటు. పాదం ఎత్తితే నలిగిన గడ్డి లేవడం లేదు. ఎడమపక్క గడ్డి పాదం తీయగానే లేచి నిలబడుతోంది. ఇంకే రోజైనా క్షణం ఆలోచించకుండా ఎడమపక్కే తవ్వేవాడు. ఇవాళ మాత్రం కుడిపక్కే గొట్టం ఆనించాడు. నొక్కాడు కూడా. గడ్డి మీద గుండ్రంగా గీత పడింది. ఆ గీతను చూస్తే ఇంకొకరి జేబులో చెయ్యి పెట్టినట్టు అనిపించింది. గొట్టం ఎత్తేసి, గీతను అరచేత్తో రుద్ది చెరిపి, ఎడమపక్కకి పోయి తవ్వేశాడు. జెండా పాతాడు.

ఆట చూడటానికి ఆగలేదు. ఏడున్నర బండికి ఇంటికొచ్చేశాడు. అలమేలు పంచలో కూర్చుని చేటలో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. ఎదురుగా కూలబడి జరిగిందంతా చెప్పాడు.

"కుడిపక్క తవ్వుంటే ఎవుడి కొంప మునిగిపోతాది?" అంది అలమేలు. "ఆయనే కదా నీ ఇష్టమని చెప్పినాడు!"

"అందుకే భయమేసింది."

"భయపడి బిడ్డ నోట్లో మన్ను కొట్టినావు."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. గడ్డి కోసమే ఎడమపక్క తవ్వాడా? లేక నలుగురూ ధనకోటి నిజాయితీపరుడు అనుకోవాలని తవ్వాడా? మంచి పేరు కోసం మేనల్లుణ్ణి అడ్డం పెట్టుకుంటే అది దొంగతనం కంటే తక్కువేం కాదు. మధ్యాహ్నమంతా నులకమంచం మీద అటూ ఇటూ దొర్లి, నాలుగింటికే స్టేషనుకి బయల్దేరాడు.

అయిదింటి బండి నుంచి ముందు పళని దిగాడు. దిగుతూనే రెండు వేళ్ళూ కత్తెరలా ఆడించాడు. ధనకోటికి జుట్టు గుర్తుకే రాలేదు.

"వాడు యాడ?"

"వెనక పెట్లో ఉండాడు. మూడో ప్లేసు."

మూడో స్థానమంటే బొంబాయి! ధనకోటికి అక్కడే కూర్చుని ఏడవాలనిపించింది. ఇంతలో నటరాజ్ సంచి మోసుకుంటూ వచ్చాడు. ముఖంలో సంతోషం జాడ లేదు.

"పదిహేడు దాకా నేనూ కలకత్తా ఆయనా సమానం మామా. పద్దెనిమిదిలో బంతి కుడికి పోయింది. ఆడనే ఇద్దురు నన్ను దాటుకోని పోయినారు." సంచి దించి అడిగాడు. "గుంత యాడ తవ్వేది నీ ఇష్టమని చెప్పినాడంట కదా ఆఫీసరు?"

"చెప్పినాడు."

"నా బంతి యాడికి పోతాదో నీకు తెలీదా?"

"తెలుసు."

"తెలిసినా?"

"కుడిపక్క గడ్డి అలిసిపోయింది రా" అన్నాడు ధనకోటి.

రాత్రి మామ ఇంట్లో పడుకుని, మర్నాడు తిరుత్తణి దాకా వాళ్ళతో వచ్చి, అక్కణ్ణుంచి రేణిగుంట పోయి బొంబాయి బండి ఎక్కాలని నటరాజ్ రైల్లోనే అనుకున్నాడు. ఆ మాట తప్పలేదు గానీ ఇంట్లో ముభావంగానే ఉన్నాడు. అత్త వడ్డించింది తిన్నాడు, అటు తిరిగి పడుకున్నాడు. ధనకోటి ఆ వీపును చూస్తూ తప్పు చేశానేమో, ఒప్పు చేశానేమో తేల్చుకోలేకపోయాడు.

తెల్లారి లేచి చూస్తే చాప ఖాళీగా ఉంది. కోపంతో చెప్పకుండానే వెళ్ళిపోయాడా అని కంగారుగా వీధిలోకి వచ్చాడు. రైలుకట్ట అవతల కోసేసిన వరిమడిలో నటరాజ్ ఒక్కడే నిలబడి బంతులు కొడుతున్నాడు. మొదటిది కుడికి పోయింది. రెండోదీ అంతే. కాళ్ళు మార్చి, భుజం తిప్పి, మళ్ళీ కొట్టాడు. ధనకోటి పిలవలేదు. చాలాసేపు అక్కడే నిలబడి చూసి, వాడు తలెత్తకముందే ఇంట్లోకి వచ్చేశాడు.

తిరుత్తణిలో మంగలి జుట్టు తడుపుతుంటే అలమేలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో ఆమెకే తెలియాలి. నవ్వడానికే పనిగట్టుకుని వచ్చిన పళని చివరిదాకా నవ్వలేదు. నున్నటి గుండు బయటపడ్డాక చందనం తీసుకుని తన చేత్తో పూశాడు.

"పందెంలో నేను గెలిచినా. అయినా ఇంక నీతో పందెం కట్టను అన్నా. నీ గుంత నీకే లాభం లేదే!"

అందరూ నవ్వారు. నటరాజ్ కూడా నవ్వాడు. రేణిగుంట బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చినప్పుడు వాడు మామ కాళ్ళకు దండం పెట్టి, లేచి, చెవి దగ్గర చెప్పాడు.

"పొద్దున పది కొడితే నాలుగు ఎడమకి తిరిగినాయి మామా."

"నాలుగా!" అన్నాడు ధనకోటి. బండి మలుపు తిరిగేదాకా గుండు మీద ఎండ చురుక్కుమంటున్నా కదలకుండా నిలబడ్డాడు.

మొగుడూ పెళ్ళాం ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. దొడ్లో దండెం మీద నటరాజ్ ఉతికి ఆరేసి మరిచిపోయిన, ఆటలో వేసుకునే ఎడమచేతి తోలు తొడుగు ఒకటి వేలాడుతోంది, అరచేతి దగ్గర ఆ పొద్దుటే కొత్తగా చిరిగి.