మొదటి నిద్ర

వీరేందర్ భార్య సుజాత చనిపోయి నలభై రెండు రోజులైంది. దినాలు అయిపోయాయి, చుట్టాలు ఎక్కడివాళ్ళక్కడికి వెళ్ళిపోయారు. ఒక పని మాత్రం మిగిలిపోయింది. చావు జరిగిన ఇంటివాళ్ళను ఎవరో ఒకరు తమ ఇంటికి పిలిచి, కోడి కోసి అన్నం పెట్టి, ఒక రాత్రి పడుకోబెట్టి పంపాలి. దాన్నే నిద్ర అంటారు. మొదటి నిద్ర చనిపోయినామె పుట్టింటివాళ్ళది. వాళ్ళు పిలవనిదే మిగతావాళ్ళు ముందుకు రారు.

సుజాత పుట్టిల్లు కేసముద్రం. ఆమె అన్న దుర్గయ్య పిలవలేదు. దినాలనాడు అతను "పట్నం దవాఖానకు తీస్కపోతే నా చెల్లె బతుకుతుండె" అన్నాడు. ఆ మాట అక్కడే ఉండిపోయింది.

ఇదంతా తలకెత్తుకున్నది సాయమ్మ. వీరేందర్‌కు సొంత అక్క. భర్త పోయినప్పటి నుంచి జనగామలో తమ్ముడి ఇంట్లోనే ఉంటున్నది కాబట్టి, తీసుకుపోయి నిద్ర చేయించడానికి ఆమెకంటూ వేరే ఇల్లు లేదు. తమ్ముడు పగలు బడికి పోయి తెలుగు పాఠం చెప్పి వస్తాడు. రాత్రి ముందుగదిలో కుర్చీలో కూర్చుంటాడు. మంచం దగ్గరికి పోడు. తెల్లవారి ఆమె లేచేసరికి అదే కుర్చీలో కళ్ళు తెరుచుకుని ఉంటాడు. నిద్ర చేయనిదే వీడికి నిద్ర పట్టదని సాయమ్మ గట్టిగా నమ్మింది.

టేకుమట్ల అవతల మామిడితోటలో నాలుగు గదుల విడిది ఉన్నదనీ, అక్కడ ఫ్రెంచి వంటలు చేస్తారనీ వీరేందర్‌తో పనిచేసే సారు ఒకాయన చెప్పి, నంబరు రాసిచ్చాడు. ఫోను సాయమ్మే చేసింది. "శనివారం ఇద్దరం నిద్రకు వస్తున్నం" అన్నది. అవతల ఆడగొంతు "సరే, నిద్ర, ఇద్దరు" అని పెట్టేసింది.

"పిలవని చోట నిద్ర ఏందక్కా? అది లాడ్జి" అన్నాడు వీరేందర్ బస్సులో.

"లాడ్జి అయితేంది? దానికి గోడలు లేవా, పొయ్యి లేదా?"

"పిలుపు లేదు."

"సప్పుడు చెయ్యక కూసో. నలభై రెండు దినాల సంది నువ్వు మాట్లాడిన మాటలల్ల ఇవే ఎక్కువ."

వాళ్ళు చేరేసరికి పొద్దు వాలుతున్నది. సున్నం కొట్టిన పెంకుటిల్లు, వాకిట్లో బంతిపూలు, వరండాలో నాలుగు బల్లలు, వాటి మీద తెల్లగుడ్డలు. మూడు బల్లల మీద పళ్ళేలూ గ్లాసులూ సర్ది ఉన్నాయి. నాలుగోది ఖాళీ. సాయమ్మ పోయి దాని ముందు కూర్చుంది.

యజమాని భార్య పరుగున వచ్చింది. పాండిచ్చేరి మనిషి, తెలుగు తక్కువ. "అమ్మా, మీకు భోజనం లేదు. నిద్ర మాత్రమే అన్నారు" అంటూ నోటుబుక్కు చూపించింది. వాళ్ళ పేరు ఎదురుగా ఒక మంచం బొమ్మ గీసి ఉన్నది. దాని పక్కన పళ్ళెం బొమ్మ గీసి, కొట్టేసి ఉన్నది. ఇక్కడి కూరలు గంటలకొద్దీ ఉడకాలట. ముందురోజు చెప్పినవాళ్ళకే వండుతారట.

వీరేందర్ ఆ బొమ్మల వైపు చూసి, సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

"చూసినవా అక్కా? పిలవకుండ పోతే గిట్లనే ఉంటది. పా, పోదాం."

"యాడికి?"

"ఇంటికి."

సాయమ్మ బల్ల అంచు పట్టుకుని కూర్చునే ఉన్నది. ఇంటికి అంటే ఆ కుర్చీకే. ఇంకోసారి తమ్ముణ్ని గడప దాటించడం తన వల్ల కాదు.

మాటలు విని వంటింట్లోంచి యజమాని వచ్చాడు. పేరు దేవ్‌సింగ్. మహబూబాబాద్ దగ్గరి తండాలో పుట్టి, పాండిచ్చేరిలోని ఒక ఫ్రెంచి హోటల్లో పదహారేళ్ళు వంట చేసి, రెండేళ్ళ కింద ఈ తోట కౌలుకు తీసుకున్నవాడు.

"ఏమైందవ్వా?"

"ఏం గాలే బిడ్డా. నిద్రకు వస్తున్నమని చెప్పిన. నీ పెండ్లాం ఉత్త పండుకునుడే అనుకున్నది."

చేతులు తుడుచుకుంటున్న దేవ్‌సింగ్ ఆగిపోయాడు. "ఎవరు పోయిండ్రు?"

"నా మరదలు. వీని భార్య."

"పుట్టింటోళ్ళు?"

సాయమ్మ తల అడ్డంగా ఊపింది. దేవ్‌సింగ్ వచ్చి వీరేందర్ ఎదురుగా నిలబడ్డాడు.

"సారూ, గీ బల్లలకాడ మీకు తిండి లేదు, నిజమే. గిది హోటలు. ఎనుక మా ఇల్లున్నది. ఇయ్యాల మేం తిందామని జర కోడికూర పక్కకు పెట్టుకున్నం. మా తండల నేను నిద్ర చూడలే గని, పక్కూరోళ్ళు చేస్తే చూసిన. నేను పిలుస్తున్న. మా ఇంటికి రాండ్రి, తినుండ్రి, పండుండ్రి."

"మీరు మాకు ఏమైతరని?" అన్నాడు వీరేందర్. కోపంగా కాదు, తెలియని మాటకు అర్థం అడిగినట్లు.

"ఏం గాను సారూ. అయినోళ్ళు పిలవకపాయె గద."

ఆ సంగతిని అంత సూటిగా ఇంతవరకు ఎవరూ అనలేదు. వీరేందర్ సంచీ తీసి దేవ్‌సింగ్ చేతికిచ్చాడు.

వెనక ఇంట్లో తెల్లగుడ్డలు లేవు. చాప పరిచి, స్టీలు పళ్ళేలు, రొట్టెలు పెట్టారు. దేవ్‌సింగ్ మందపాటి గిన్నె తెచ్చి మూత తీశాడు. నల్లటి చిక్కటి పులుసులో కోడి ముక్కలు, చిన్న చిన్న ఉల్లిగడ్డలు.

"గిట్ల నల్లగున్నదేందయ్యా, మాడిందా?"

"మాడలే అవ్వా. ద్రాక్షసారల ఉడికిన కోడి. ఫ్రెంచోళ్ళు గిట్లనే వండుతరు."

సాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నిద్రల కోడి ఒక దిక్కు, కల్లు ఒక దిక్కు పెడతరు బిడ్డా. నువ్వు రెండూ కలిపి పొయ్యి మీద పెట్టినవా!"

"ఆళ్ళకు ఓపిక ఎక్కువ, గిన్నెలు తక్కువ అవ్వా."

వీరేందర్ రొట్టె తుంచి పులుసులో అద్దుకున్నాడు. మెల్లగా నమిలాడు. ఇంకో ముక్క తుంచాడు.

"సుజాత అయితే ఉప్పు తక్కువైందంటది," అన్నాడు.

పిల్లల రాతలో తప్పు దిద్దేవాడిలా అతను ఒక్క క్షణం ఆగాడు.

"అనేది," అన్నాడు.

దేవ్‌సింగ్ భార్య లేచి ఉప్పుగిన్నె తెచ్చి అతని పక్కన పెట్టింది. వీరేందర్ చిటికెడు తీసి వేసుకున్నాడు. కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు కారుతుంటేనే తిన్నాడు, పళ్ళెం ఖాళీ అయ్యేదాకా. దేవ్‌సింగ్ అడగకుండానే ఇంకో ముక్క వేశాడు.

వాళ్ళు తీసుకున్న గది తలుపు ఆ రోజు తెరవనే లేదు. వీరేందర్‌కు ఆ ఇంటి ముందుగదిలోనే నులకమంచం వేశారు. సాయమ్మ లోపల దేవ్‌సింగ్ భార్య పక్కన పడుకుంది.

తెల్లవారి ఆమె భయపడుతూనే ముందుగదిలోకి తొంగిచూసింది. అక్కడ కుర్చీ కూడా ఉన్నది. దాని మీద అతని చొక్కా ఉన్నది. తమ్ముడు మంచం మీద బోర్లా పడి, నోరు తెరిచి, గురకపెడుతున్నాడు. ఆమె చప్పుడు కాకుండా బయటికి వచ్చి అరుగు మీద కూర్చుంది.

ఎండ మామిడిచెట్ల పైకెక్కింది. దేవ్‌సింగ్ ఒక పళ్ళెంలో రెండు వెన్నరొట్టెలు, రెండు కప్పుల కాఫీ తెచ్చాడు. పొరలు పొరలుగా, నెలవంకలా వంపు తిరిగిన రొట్టెలు.

"సారు లేవలేదా?"

"లేవలే," అన్నది సాయమ్మ, పరీక్షలో ఫస్టు వచ్చిన కొడుకు సంగతి చెప్పినట్లు.

"లేపమంటవా? చల్లారితే బాగుండదు."

"లేపితే నీ చెయ్యి ఇరుస్త."

తన రొట్టె తిన్నది. పొరలు ఒళ్ళో రాలితే ఏరుకుని తిన్నది. లోపల గురక ఆగలేదు. కాసేపు చూసి, తమ్ముడి వంతు రొట్టె కూడా చేతిలోకి తీసుకున్నది.