ఉమ్మడి ఫోల్డర్ పంపకాలు

ఆ కంపెనీలో పైథాన్ భాషలో రాసిన కోడంతా ఒక ఎత్తు, 'ఉమ్మడి' అనే ఫోల్డర్ ఒక్కటే ఒక ఎత్తు. ఎక్కడ పెట్టాలో తోచని ప్రతి ఫంక్షనూ, అంటే ఏదో ఒక చిన్న పని చేసిపెట్టే ప్రతి కోడు ముక్కా, అందులోనే పడేది. తేదీని తిరగేసి రాసేవే అరడజను పైగా ఉండేవి. ముట్టుకుంటే ఏది కూలుతుందో తెలియదు కనుక అందరూ దానికో దండం పెట్టి పక్కనుంచి పోయేవారు.

దాన్ని సర్దే పని నెత్తిన పడ్డ ఇంజనీరును తోటివాళ్లు 'పంపకాల పిన్ని' అనేవారు. ఆమె పట్టించుకునేది కాదు. మనసంతా కిటికీలున్న గదిలో మొదలైన కొత్త ప్రాజెక్టు మీదే ఉంది.

"ఉమ్మడి ఖాళీ చేసెయ్యమ్మా, మర్నాడే నిన్ను ఆ గదికి పంపిస్తా," అని మేనేజరు మాటిచ్చాడు.

పిన్ని నడుం బిగించింది. తేదీలు తిరగేసేవన్నీ కలిపి ఒక్కటి చేసి, బిల్లులవి బిల్లుల ప్యాకేజీకి, రిపోర్టులవి రిపోర్టుల ప్యాకేజీకి పంచింది. తీరా నడిపి చూస్తే రెండూ మొండికేశాయి. బిల్లులు లేవాలంటే రిపోర్టుల్లోని తేదీ ఫంక్షన్ కావాలి, రిపోర్టులు లేవాలంటే బిల్లుల్లోని పన్ను లెక్క కావాలి. ముందు నువ్వు లే అంటే నువ్వు లే అని రెండూ పడుకున్నాయి.

"ఆ తేదీ ఫంక్షన్ మీరే ఉంచుకోండి," అని బిల్లుల వాళ్లను బతిమాలింది.

"మాకెందుకు పిన్నీ? రేపు తేదీ తప్పితే తిట్లు మేం తినాలా?"

రిపోర్టుల వాళ్లయితే దాన్ని ఎప్పుడు వదిలించుకుందామా అని చూస్తున్నారు. విసిగిపోయిన పిన్ని 'తేదీలు' అని చిన్న ఫోల్డర్ తెరిచి, ఆ ఒక్క ఫంక్షన్‌నూ అందులో పెట్టింది. బిల్లులు లేచాయి, రిపోర్టులు లేచాయి. ఖాళీ అయిన ఉమ్మడిని తుడిచేస్తుంటే ఆమెకు కళ్లు చెమర్చాయి.

మర్నాడు పొద్దున్నే తన టీ కప్పు పట్టుకుని కొత్త గదిలోకి వెళ్లి, కిటికీ పక్కన కూర్చుని, ముచ్చటగా 'తేదీలు' తెరిచింది. అందులో పాస్‌వర్డులు సరిచూసే ఫైలుంది. ఫోన్ నంబర్లు శుభ్రం చేసేది, బొమ్మలు కుదించేది, ఇంకా ఏవేవో ఉన్నాయి. మేనేజరు రాసిన ఫైలు కూడా ఉంది.

"ఇవన్నీ ఇక్కడెవరు పెట్టారు?" అంది పిన్ని.

"సగం మావే అక్కా," అంది కొత్త ప్రాజెక్టు అమ్మాయి సంతోషంగా. "ఏ టీమ్‌దీ కాని ఫోల్డర్ అదొక్కటే కదా. ఎవర్నీ అడగక్కర్లేదు, ప్రాణం హాయిగా ఉంది."

గుమ్మం దగ్గర మేనేజరు దగ్గాడు.

"చూడమ్మా," అన్నాడు నేల చూపులు చూస్తూ, "ఆ 'తేదీలు' ఒక్కటి ఖాళీ చేసేస్తే..."

పిన్ని కప్పు చేతిలోకి తీసుకుని, తన పాత సీటుకు పోదామని లేచింది. టీ ఇంకా వేడిగానే ఉంది.