లేబుల్ పక్కన ఖాళీ జాగా

మా ఆయన బ్యాండ్ రెండో ఆల్బమ్ అట్ట నమూనా ఇంటికి వచ్చింది. చేతులు తుడుచుకుని తిప్పి చూశాను. పదకొండు పాటల్లో ఏడు నేను రాసినవి. అన్నిటి పక్కనా రస్ టాలివర్ అని ఉంది. అట్టడుగున, కృతజ్ఞతల్లో, నా పేరు దొరికింది: "కాఫీ: లోర్నా."

అమెరికాలో మా ఊరు ఎక్రన్‌లో టైర్ల ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజులవి. పనిలేని మగాళ్ళంతా మా బేస్‌మెంట్‌లోనే తేలారని నా అనుమానం. మా ఆయన డ్వేన్ డ్రమ్స్ వాయిస్తాడు, రస్ పాడతాడు, ఇంకో ఇద్దరు గిటార్లు పట్టుకుంటారు. పత్రికలవాళ్ళు దీన్ని న్యూ వేవ్, అంటే కొత్త తరహా రాక్ సంగీతం, అన్నారు. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన మంచు మీద నేను రాసిన పాటను ఒక పెద్దమనిషి, పారిశ్రామిక నాగరికత చావుకేక అని మెచ్చుకున్నాడు. నేను మంచు గురించే రాశాను. నాలుగేళ్ళు కాలేజీలో కవిత్వం చదివి ఫ్రిజ్ గీకుతూ కూర్చుంటే ఎవరికైనా కేక వస్తుంది.

మొదటి ఆల్బమ్‌లో పాటలన్నీ బ్యాండ్ పేరనే వేశారు. "అందరం ఒకటేగా లోర్నా" అన్నాడు డ్వేన్. ఊరుకున్నాను. ఆ అందరూ ఇప్పుడు ఒక్కడైపోయారు.

అట్ట పట్టుకుని బేస్‌మెంట్ మెట్లు దిగాను.

"రస్, ఈ ఏడు పాటలు ఎవరివి?"

"పాడింది నేనేగా."

"రాసింది ఎవరని అడిగాను."

"సామాన్ల చీటీల వెనక నువ్వు ఏవో నాలుగు మాటలు గిలికావు. వాటిని పాట చేసింది నేను. అయినా నీ పేరు వేశాంగా, చూళ్ళేదా?"

"కాఫీ పక్కన."

"మంచి కాఫీ మరి."

గిటార్ల వాళ్ళిద్దరూ నవ్వారు. డ్వేన్ తల వంచుకుని డ్రమ్స్ మీది తాళం పళ్ళేనికి మర బిగిస్తున్నాడు. పదేళ్ళ కాపురంలో ఇంట్లో ఏ మరా అంత శ్రద్ధగా బిగించిన మనిషి కాదు.

"డ్వేన్, నువ్వైనా చెప్పు."

"ఇప్పుడెందుకు లోర్నా? అట్ట అచ్చుకు వెళ్ళిపోయినట్టే. మూడోదానికి చూద్దాంలే."

అరవాలనిపించింది. అరిస్తే రస్ దాన్ని కూడా పాట చేసుకుంటాడు. పైకి వచ్చి, వాళ్ళ కోసం వేయించిన క్యాబేజీ ఉండలన్నీ నిలబడే తినేశాను.

మర్నాడు పొద్దున టేపు క్లీవ్‌లాండ్‌లో హావ్లిక్ గారికి చేర్చాలి; టేపులో పాటల్ని సూదితో గాడులుగా చెక్కి రికార్డు కోసేది ఆయనే. పెందలాడే లేవడం కళాకారులకు పడదు కనుక, మొదటిసారిలాగే ఆ పని నాకే అప్పజెప్పారు. టేపు డబ్బాతో పాటు రస్ ఒక చీటీ ఇచ్చాడు. పాటలన్నీ అయ్యాక, రికార్డు నడిమధ్య అంటించే లేబుల్‌కి ముందు కాస్త ఖాళీ జాగా మిగులుతుంది. రికార్డు కోసేవాళ్ళు అక్కడ సూదితో, చేత్తో, బ్యాండ్ చెప్పిన మాట ఒకటి గీస్తారు. మా పాటలు వినేవాళ్ళకు అదో పిచ్చి. అట్ట వెనక ఏముందో చూడనివాళ్ళు కూడా రికార్డును దీపం కింద ఏటవాలుగా పట్టుకుని ఆ గీతలు చదువుతారు. రస్ చీటీలో ఒక వైపుకి "ఇంత దగ్గరగా చూడకు" అనీ, రెండో వైపుకి "మళ్ళీ చూశావా" అనీ ఉంది.

హావ్లిక్ గారు కంటికి భూతద్దం తగిలించుకున్నారు. "ఏం గీయమన్నారమ్మా మీవాళ్ళు?"

చీటీ వెనక్కి తిప్పి రాసిచ్చాను. అలవాటైన పనే.

ఆయన పైకి చదివారు. "ఏడు పాటలు రాసింది లోర్నా పెట్రాక్. రెండో వైపుకేమో, 'కాఫీ పెట్టింది కూడా.'" భూతద్దం ఎత్తి నన్ను చూశారు. "ఈ లోర్నా ఎవరు?"

"నేనే."

"కుర్రాళ్ళకు తెలుసా?"

"తెలుస్తుంది."

"గీశాక చెరపడం కుదరదు. మొత్తం మళ్ళీ కోయాలి."

"అందుకే అడుగుతున్నానండీ."

ఆయన భూతద్దం మళ్ళీ కంటికి దించుకున్నారు. గీశారు.

నమూనా రికార్డు వచ్చినప్పుడు నలుగురూ రెండుసార్లు విన్నారు. దీపం కింద పట్టి చూసినవాడు లేడు. అక్కడ ఉన్నది తమ మాటేనన్న నమ్మకం.

రికార్డులు దుకాణాలకు చేరిన రెండో వారం రస్ వంటింట్లోకి దూసుకొచ్చాడు. వెనకే డ్వేన్.

"రికార్డు మీద గీతలు చదివి రేడియోవాడు, జనమంతా వింటుండగా, లోర్నా ఎవరని అడిగాడు నన్ను."

"ఏం చెప్పావు?"

"డ్రమ్మర్ పెళ్ళాం అన్నాను. అయితే వచ్చేవారం ఆవిడ్నే పిలుస్తాం అన్నాడు."

"ఏ రోజు?"

డ్వేన్ గొంతు సవరించుకున్నాడు. "కనీసం నాకైనా చెప్పాల్సింది లోర్నా."

"మూడోదానికి చూద్దాంలే" అన్నాను.

నా కోపం అప్పటికీ చల్లారలేదు. కాఫీ పెట్టుకున్నాను, ఒక్క కప్పు.