పేరు పక్కన ఖాళీ

మా ఆయనకు ఖాళీ కనిపిస్తే నిద్ర పట్టదు. ఆసుపత్రిలో కంప్యూటర్ ఫారాలు, రిపోర్టులు తయారుచేయడం ఆయన ఉద్యోగం. తెరమీద ఏ గడి ఎక్కడ ఉండాలో, కాగితంమీద ఏ గీత ఎక్కడ ఆగాలో ఆయనే తేల్చాలి. ఆ చాదస్తం ఇంటికీ మోసుకొస్తారు. గుమ్మం ముందు చెప్పులు వరసలో లేకపోతే లోపలికి రారు. నాకు ఏడో నెలలో ఒకరోజు నా పొట్టవంక తేరిపార చూసి, "కుడివైపు కాస్త ఎక్కువ వచ్చినట్టుందే" అన్నారు. ఆ పూట ఆయనకు అన్నం అత్తయ్యే పెట్టింది.

పోయిన నెల ఆయన కన్ను అడ్మిషన్ ఫారంమీద పడింది. పేరు గడి పక్కన కొంత ఖాళీ. అడుగున ఉన్న డిశ్చార్జి తేదీ గడి సరిగ్గా అంత వెడల్పే ఉంది. తెచ్చి అందులో అమర్చేశారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది, కాదనను. కానీ ట్యాబ్ మీట నొక్కితే కర్సర్ పక్కగడిలోకే పోతుంది. పైగా ఆ తేదీ నింపందే ముందుకు కదలదు. మౌస్‌తో ఎక్కడపడితే అక్కడికి దూకి వరస చెడగొడుతున్నారని కౌంటర్‌లో మౌస్ తీయించింది కూడా ఈ మహానుభావుడే.

అప్పట్నుంచి ఆసుపత్రికి వచ్చినవాళ్ళను ముందు పేరు అడిగి, ఆ వెంటనే ఇంటికి ఎప్పుడు వెళ్ళారని అడగడం మొదలైంది. బిక్కమొహం వేసినవాళ్ళకు ఆ రోజు తేదీ వేసి డిశ్చార్జి చీటీ ఇచ్చేవాళ్ళు. చీటీ ఉన్నవాళ్ళను వాచ్‌మన్ గేటు బయటికి పంపేసేవాడు. కొందరు మర్నాడు వచ్చి మళ్ళీ పేరు చెప్పుకునేవాళ్ళు. కొందరికి తిరిగే ఓపిక లేక నయమైపోయేది. నెలాఖరు రిపోర్టులో, చేరిన ప్రతివాళ్ళూ అదే రోజు ఇంటికి వెళ్ళినట్టు తేలింది. సూపరింటెండెంట్ ఆ రిపోర్టుకు ఫ్రేము కట్టించి గదిలో పెట్టుకున్నాడు. మా ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు. మార్జిన్లు భలే కుదిరాయని మురిసిపోయారు.

ఓ మధ్యాహ్నం నాకు నొప్పులు మొదలయ్యాయి. అత్తయ్య బండి పిలిచి నన్ను అదే ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

"పేరు?" అని అడిగింది కౌంటర్ అమ్మాయి. చెప్పాను.

"ఇంటికి ఎప్పుడెళ్ళారు?"

"ఇంకా లోపలికే రాలేదు కదమ్మా."

"నాకూ కనిపిస్తోందండీ. తేదీ వేస్తేగానీ ఇది కిందికి దిగట్లేదు."

అత్తయ్య ఒంటికాలిమీద లేచింది. "కళ్ళముందు పిల్ల మెలికలు తిరిగిపోతుంటే తేదీ ఏమిటి? రేపటిదో ఎల్లుండిదో వేసెయ్."

"రాబోయే తేదీ తీసుకోదండీ. జరగనివి రాయకూడదని సారే అలా పెట్టారు."

ఆ సారు ఎవరో మా ఇద్దరికీ తెలుసు. అత్తయ్య ఫోన్ చేస్తే మా ఆయన పై అంతస్తునుంచి గబగబా దిగొచ్చారు. నన్ను చూశారు, తెర చూశారు. మొహం పాలిపోయింది.

"ఇప్పుడే మార్చేస్తాను. కానీ ఫారం తెరిచి ఉండగా మార్చడం కుదరదు. ముందు మూసెయ్."

"సేవ్ చెయ్యందే మూతపడదు సార్," అంది అమ్మాయి. "తేదీ వెయ్యందే సేవ్ అవదు."

ఆయన నావంక చూడలేక నేలచూపులు చూస్తూ, "అయితే ఇవాళ్టిది వెయ్యి," అన్నారు.

వేసింది. చీటీ వచ్చింది. వాచ్‌మన్ అది తీసుకుని, నా చెయ్యి పట్టుకుని ఎంతో జాగ్రత్తగా గేటు బయటికి నడిపించాడు. "ఒళ్ళు జాగ్రత్తమ్మా. మళ్ళీ ఇక్కడికి రావలసిన పని పడకూడదు," అన్నాడు. మంచివాడే, కూర్చోమని తన స్టూలు కూడా తెచ్చి వేశాడు. గేటు మాత్రం మూసేశాడు. అత్తయ్య నెత్తీ నోరూ కొట్టుకుంది. "వెళ్ళిపోయినవాళ్ళు ఆ రోజే మళ్ళీ వస్తే రిపోర్టు పాడవుతుందంటమ్మా," అన్నాడు.

నొప్పి వచ్చినప్పుడల్లా స్టూలు అంచు గట్టిగా పట్టుకున్నాను. నా భయం నొప్పి గురించి కాదు, మా ఆయన గురించి. ఒక గడి కదిలించారంటే అంతటితో ఆగరు. అది పక్కదానితో సమానంగా ఉందా, మధ్యలో ఎడం సరిపోయిందా, కొత్తగా మిగిలిన ఖాళీలో ఏం పెట్టాలి అని కూర్చున్నారంటే పొద్దు పోవాల్సిందే. భోజనానికి పిలిస్తే "ఒక్క గీత" అంటారు. ఆ గీత అయ్యేసరికి అన్నం చల్లారి గట్టిపడిపోతుంది. నా బిడ్డ ఈ స్టూలుమీదే పుడుతుందని తేలిపోయింది. ఏడుపొచ్చింది.

"మీ అబ్బాయి ఇవాళ్టికి ఆ కంప్యూటర్ ముందునుంచి లేస్తారంటారా అత్తయ్యా?"

కన్నతల్లి కదా, అబద్ధం చెప్పలేక నా వీపు నిమిరింది.

అంతలోనే గేటు కిర్రుమంది. మా ఆయన. చేతిలో కొత్త చీటీ, ఇంకా వేడిగానే ఉంది. "తేదీ తీసేశాను. ఈవిడ ఇంకా వెళ్ళలేదు," అని వాచ్‌మన్‌కు చూపించి, వచ్చి నన్ను పొదివి పట్టుకున్నారు. చీటీ నా కళ్ళముందే ఉంది. పేరు పక్కన ఖాళీ వెక్కిరిస్తోంది. అడుగున డిశ్చార్జి గడి వరస తప్పి, సగం మార్జిన్ దాటిపోయి, మిగతా సగం బ్లడ్ గ్రూపుమీదికి ఎక్కి కూర్చుంది.

"ఏమండీ, గడి వంకరగా ఉంది," అన్నాను పళ్ళు బిగపట్టి.

ఆయన చీటీ వంక చూడనే లేదు.

"ఉంటే ఉండనీ," అన్నారు. "నడవగలవా?"

నడవగలిగేదాన్నే. కానీ ఆ 'ఉండనీ' విన్నాక అడుగు ముందుకు వెయ్యలేదు. అంతమంది చూస్తుండగా ఆయన భుజంమీద తల పెట్టి భోరుమన్నాను. నొప్పికే ఏడుస్తున్నాననుకుని వాచ్‌మన్ స్ట్రెచర్ కోసం లోపలికి పరిగెత్తాడు.