మలుపు దగ్గర బండ

సిగరెట్ మానేసి వారమైంది. తాతబాబు చేతులకి మాత్రం ఆ కబురు ఇంకా అందలేదు. అవి జేబు తడుముతూనే ఉన్నాయి. భార్య స్వర్ణకుమారి ఊపిరితిత్తులు పాడై ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఇంట్లో మళ్లీ పొగ తగిలితే మనిషి దక్కదని డాక్టరు కేకలేశాడు. ఆ భయంతో మానేశాడు. భయం ఉంది కదా అని కోరిక ఊరుకుంటుందా?

అతను కిరండూల్ లైన్లో కీమేన్. భుజాన సుత్తి వేసుకుని, పట్టాల్ని స్లీపర్లకి పట్టి ఉంచే క్లిప్పులు ఊడాయేమో చూసుకుంటూ తన హద్దు చివరిదాకా నడవాలి. ఇన్నేళ్లూ మలుపు దగ్గర బండమీద కూర్చుని ఒక సిగరెట్ కాల్చేవాడు. ఆసుపత్రి కోసం పెట్టిన సెలవు అయ్యాక ఇవాళే మళ్లీ పనిలోకొచ్చాడు, ఆ బండని చూస్తేనే నాలుక పీకింది. మాటల్లేని చుట్టం ఇంటిముందు నుంచి వెళ్తున్నట్టు తలదించుకుని గబగబా దాటేశాడు.

హద్దు దగ్గర పక్క సెక్షన్ కీమేన్ మంగ్లూ చెట్టుకింద పొగ వదుల్తున్నాడు.

"క్యా భయ్యా, ఇత్నీ జల్దీ?" అంటూ ఓ సిగరెట్ అందించబోయాడు.

నిజమే, ఇంత తొందరగా ఎలా వచ్చాడు? మలుపులో క్లిప్పులు చూశాడా? ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. బండమీద కూర్చుని పొగ పీలుస్తున్నంతసేపూ కళ్లు క్లిప్పులమీదే తిరిగేవి. ఇవాళ కూర్చోనూ లేదు, చూడనూ లేదు. ఖనిజం బండి వచ్చే వేళవుతోంది. పొగ లేకపోతే తనకి పని కూడా చేతకాదు కాబోలనుకుని, తాతబాబు మంగ్లూ చేతిలోంచి ఆ సిగరెట్టూ అగ్గిపెట్టే లాక్కుని వెనక్కి పరుగెత్తాడు.

బండమీద కూలబడి సిగరెట్ పెదాల మధ్య పెట్టుకున్నాడు. పుల్ల గీయబోతుండగా కంటపడ్డాయి, వరసగా ఊడి కంకరలో పడున్న క్లిప్పులు. పుల్ల పారేసి సుత్తి అందుకున్నాడు. చివరిది బిగించి పక్కకి దూకేసరికి బండి వచ్చేసింది. అతనిమీద ఎర్రదుమ్ము పోసి క్షేమంగా వెళ్లిపోయింది.

సాయంత్రం గుమ్మంలోనే స్వర్ణకుమారి చొక్కా వాసన చూసి మొహం మాడ్చుకుంది.

"తాగీసేరా?"

జేబులోంచి నలిగిన సిగరెట్ తీసి చూపించాడు. ఎక్కడా కాలిన మచ్చ లేదు.

"లేదే. దీన్ని తప్పించుకుందామని ఆ బండ దగ్గర ఆగకుండా, చూడకుండా మలుపు దాటీసేను. ఇంకాస్సేపైతే బండి పడిపోయీది."

"ఊదండి," అంది.

భయపడుతూనే ఊదాడు. ఆమె గుండెల నిండా పీల్చింది. దగ్గు వస్తుందేమోనని తాతబాబు బిగుసుకుపోయాడు. రాలేదు.

"రేపు కూడా ఆ బండమీద కూకోండి," అంది స్వర్ణకుమారి. "ఉత్తినే కూకోండి."